మోచేతి కింద పెడల్

మా ఇల్లు, ముందు గది

అన్నయ్యకు,

వదినకు ఆపరేషన్ గాయం ఇన్నాళ్ళకు పూర్తిగా మానిందని రాశావు. ఆ ముక్క చదివాక ప్రాణం కుదుటపడింది. ఇంకొన్నాళ్ళు బరువులు ఎత్తనివ్వకు. చెబితే వినే మనిషి కాదని తెలుసు, అందుకే తనకు కాక నీకు రాస్తున్నాను.

ఇక నా పని. నాకో బల్ల చేసిపెట్టాలి, బొంతలు కుట్టుకునేందుకు. ఇన్నేళ్ళూ వెనక గదిలో మామూలు టేబుల్ మీద కరెంటు మిషన్ పెట్టుకుని నెట్టుకొచ్చాను. మిషన్ టేబుల్ కన్నా బెత్తెడు ఎత్తున ఉంటుంది. బొంతేమో పైగుడ్డ, మధ్యలో దూది పొర, అడుగు గుడ్డ, మూడూ కలిసిన బరువు. అది ఆ గట్టు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. అంచు కిందికి జారిందంటే ఆ బరువు సూదిని పక్కకు లాగేస్తుంది. కుట్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కాబట్టి బల్లలో గుంట చేసి మిషన్‌ను అందులోకి దించాలి. చేత్తో తడిమితే మిషన్ ఎక్కడ అయిపోయిందో బల్ల ఎక్కడ మొదలైందో తెలియకూడదు. ఎడమవైపూ వెనకవైపూ బాగా వెడల్పుగా ఉంటే బొంత మొత్తం దానిమీదే కూర్చుంటుంది.

ముందు కాళ్ళ మధ్య అడ్డుకర్ర వద్దు. సొరుగులు వద్దు. కాళ్ళు రెండూ బాగా ఎడంగా ఉండాలి. ఎత్తు మామూలు కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ పెట్టు. కుడివైపు మోచెయ్యి ఆనే చోట పెడల్ పెట్టుకునేందుకు చిన్న అర ఒకటి. మూలలు గుండ్రంగా నున్నగా చెయ్యి.

మీ బావకు ఈ సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ప్రెస్సులో పొద్దస్తమానం అచ్చుతప్పులు దిద్ది, ఇంటికొచ్చి నా మాటల్లో తప్పులు దిద్దే మనిషి. బల్ల వచ్చాక చూసుకోవచ్చు.

నీ చెల్లెలు


వడ్రంగి కొట్టు

సూదిపిల్లకు,

జుట్టు నెరుస్తున్నా ఆ పేరు మాత్రం మార్చను. మాట అలాగే గుచ్చుకుంటుంది కాబట్టి నీకు తగిన పేరే.

నీ బల్ల చదివి తల గోక్కున్నాను. మిషన్ దించడం, వెడల్పు, అవి అర్థమయ్యాయి. మిగతాది ఏ బుర్ర చెప్పింది? అడ్డుకర్ర లేకపోతే బల్ల ఊగుతుంది. బొంతను అటూ ఇటూ తోస్తూ మిషన్‌ను జోరుగా పరిగెత్తిస్తావు గదా, ఆ ఊపుకు నాలుగు నాళ్ళలో కీళ్ళు వదులవుతాయి. ఎత్తు కూడా తప్పు. నీ కుర్చీలో కూర్చుంటే భుజాలు చెవులదాకా లేస్తాయి. మోచెయ్యి టేబుల్‌కు సమంగా ఉంటేనే మెడ నొప్పి రాదని నాకు పాఠం చెప్పింది నువ్వే. పెడల్ మోచేతి దగ్గర ఎందుకు? కాళ్ళు ఏం చేస్తాయి, సెలవు మీద వెళ్ళాయా?

కుర్చీ ఏదైనా కొత్తది కొన్నావా? దాని కొలతలు పంపు. కొట్లో పాత తలుపు ఒకటి ఉంది, బాగా ఎండిన చెక్క, వంకర పోదు. దాన్నే బల్లపైకి వాడతాను.

మీ వదిన లేచి తిరుగుతోంది. నిన్న నేను చూడకుండా బిందె ఎత్తబోయింది. నీ ఉత్తరం చదివి వినిపించాను, మూతి ముడుచుకుని కూర్చుంది.

అన్నయ్య


ముందు గది

అన్నయ్యకు,

ఒక్క బల్లకు ఇన్ని ప్రశ్నలా. మడమ నొప్పి, అంతే. పెడల్ తొక్కితే నొప్పెక్కువవుతుంది. అందుకే చేత్తో నడుపుదామనుకున్నాను. కుర్చీ కొత్తదే, చేతులున్నది, పెద్దది. కొలతలు కింద రాశాను.

నా సామాను సంగతి కూడా చెప్తాను, నీకు బల్లమీద చోటు ఎంత కావాలో తెలుస్తుంది. గుడ్డ కోసే చక్రం కత్తి, దానికింద వేసే రబ్బరు చాప, పొడుగు స్కేలు, ఇవి ఎడమ పక్కన. కుట్లు విప్పే పుల్ల ఎప్పుడూ చేతికి అందాలి, అది లేకుండా బొంత కుట్టే ఆడది ఇంకా పుట్టలేదు. వేళ్ళకు రబ్బరు అంటించిన చేతి తొడుగులు, గుడ్డ జారకుండా పట్టుకోడానికి. దారపు ఉండలకు గోడ మీద మేకులు కావాలి, మరీ పైన కాదు, బల్ల ఎత్తుకు కాస్త పైన. దీపం ఎడమవైపు, చేతి నీడ సూది మీద పడకుండా. ఇంకోటి మిషన్‌కు బిగించే వాకింగ్ ఫుట్. పైగుడ్డనూ కిందిగుడ్డనూ ఒకే వేగంతో ముందుకు తీసుకెళ్ళే పాదం. నడిచే పాదం. ఈ ఇంట్లో మిషన్‌కైనా ఒకటి ఉండాలి గదా.

అడగడం మరిచాను. గడప మీద వేసేందుకు ఏటవాలు చెక్క ఒకటి చెయ్యి. గుడ్డల ట్రంకు అటూ ఇటూ దొర్లించుకోవాలి, చక్రాలు గడపకు తట్టుకుంటున్నాయి.

త్వరగా చెయ్యి అన్నయ్యా. చేతులు ఊరుకోవడం లేదు.

నీ చెల్లెలు


కొట్టు

సూదీ,

నీ బల్లను సుద్దతో నేలమీద గీశాను. నువ్వు రాసిన ఎత్తుకు నాలుగు కర్రలు నిలబెట్టి పైన చెక్క పరిచాను. కొట్లో ఉన్న కుర్చీలన్నీ ఒక్కొక్కటే దాని ముందు వేసి కూర్చున్నాను. ఏదీ కుదరలేదు. నువ్వు పంపిన కొలతలకు కుర్చీ చేసే వడ్రంగి ఎవడా అని ఆలోచిస్తూ అలాగే కూర్చుండిపోయాను.

మీ వదిన మజ్జిగ తెచ్చి, ఆ కొలతల కాగితం చూసింది. జానతో ఆ వెడల్పు నేలమీద కొలిచి చూసింది. తరవాత మెల్లిగా అంది, ఆస్పత్రినుంచి తనను బయటకు తెచ్చినప్పుడు కూర్చోబెట్టిన కుర్చీ ఇంత వెడల్పే ఉందని. దానికి చక్రాలు ఉన్నాయని. గడప మీద ఏటవాలు చెక్క ట్రంకు కోసం కాదని.

ఫోను చేస్తే ఎత్తకుండా, చేతినిండా పని అంటూ ఉత్తరాలు రాస్తున్నావంటే నేను వెర్రివాడిలా సంతోషించాను. గొంతు వింటే పట్టేస్తానని భయపడ్డావు.

ఎప్పుడు జరిగింది? ఏం జరిగింది? దాచకుండా రాయి.

అన్నయ్య


ముందు గది

అన్నయ్యకు,

వదిన కంట్లో దుమ్ము కొట్టలేమని నాకు ముందే తెలియాల్సింది.

వదినకు ఆపరేషన్ జరిగిన వారమే. ఉతికిన పెద్ద బొంత ఒకటి డాబా మీద ఆరేశాను. మబ్బు పట్టింది. పూర్తిగా ఆరకపోయినా, తడిస్తే దూది ముద్దలవుతుందని కంగారుగా దాన్ని రెండు చేతులా పొదువుకుని దిగుతున్నాను. గడ్డం దాకా బొంతే. కాలు పెట్టబోయే మెట్టు కనపడలేదు. అంతే. నొప్పి కూడా పెద్దగా గుర్తులేదు. నామీద ఆ తడి బొంత బరువుగా పడి ఉందనీ, దాన్ని కాళ్ళతో తన్నుకోబోతే కాళ్ళు కదల్లేదనీ మాత్రం గుర్తుంది.

వెన్నులో దెబ్బ. నడుం పైదంతా నాదే, కిందిది నా మాట వినదు. ఇక వినకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ చెప్పడం బాగా చెప్పాడు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని. అప్పుడు నీకు కబురు పెడితే నువ్వు వదినను ఆస్పత్రిలో వదిలి పరిగెత్తుకొచ్చేవాడివి. వదిన మంచం మీదనుంచి లేచి నీ వెనకాలే వచ్చేది. మీ ఇద్దరినీ ఎరుగుదును కాబట్టే చెప్పొద్దన్నాను. మీ బావ నాలుగైదు సార్లు ఉత్తరం రాయబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. ఆయన్ను ఏమీ అనకు.

ఆయన సంగతి కూడా చెప్పాలి. నన్ను పువ్వులా చూస్తున్నాడు. అదే వచ్చిన చిక్కు. నేను ఆస్పత్రినుంచి వచ్చేసరికి ఇంట్లో ఒక్క బొంత లేదు. మా మంచం మీదది కూడా తీసేశాడు. గుడ్డలన్నీ మూటలు కట్టి వెనక గదిలో పడేశాడు, మిషన్‌ను అటక ఎక్కించాడు. అటూ ఇటూ తిరిగితే బొంత కనపడకూడదు ఆయనకు. రోజంతా ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టి ప్రెస్సుకు వెళ్తాడు. పక్కింటావిడ మధ్యలో వచ్చి చూసి పోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ నిద్రపోతున్న పిల్ల పక్కన మాట్లాడినట్టు మాట్లాడతారు. నడుం నుంచి కిందకే కదా నాకు తెలియనిది, చెవులు బాగానే ఉన్నాయి.

బల్ల మాత్రం ఆపకు.

నీ చెల్లెలు


కొట్టు

చెల్లాయికి,

బల్ల ఆపేశాను.

నీ ఉత్తరం చదివాక ఉలి పట్టుకోలేకపోయాను. ఇద్దరం కలిసి పెరిగాం. నాకు తెలియనివ్వకుండా ఇంతకాలం నువ్వా కిటికీ పక్కన కూర్చున్నావు, నేనిక్కడ కాళ్ళు సెలవు మీద వెళ్ళాయా అని జోకులు రాశాను. ఆ ముక్క తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తోంది.

మా ముందు గది ఖాళీ చేయించాను. మీ వదిన నీకు మంచం కిటికీ పక్కన వేయించింది, స్నానాల గది గుమ్మం నేను వెడల్పు చేస్తున్నాను. ఆదివారం బయలుదేరి వస్తాను. బావ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి, నిన్నెవరు చూస్తారు? ఇక్కడైతే ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఇక కుట్టడాలూ కోయడాలూ అంటావా, చక్రం కత్తి జారి తొడమీద పడితే నీకు తెలియను కూడా తెలియదు. నువ్వు కష్టపడింది చాలు.

బావతో నేను మాట్లాడతాను. సామాను సర్దుకో.

అన్నయ్య


ముందు గది

అన్నయ్యకు,

ఈ ఉత్తరం ఆదివారం లోపల నీకు అందాలని పక్కింటావిడను పరుగు పెట్టించి పోస్టు చేయిస్తున్నాను.

నువ్వూ మీ బావా ఒకటే. ఒకరికొకరు తెలియకుండానే ఒకే పని చేస్తున్నారు. ఆయన ఈ కిటికీ పక్కన వేశాడు, నువ్వు ఆ కిటికీ పక్కన వేస్తానంటున్నావు. కిటికీ మారితే నాకేం ఒరుగుతుంది?

మొన్న ఏం జరిగిందో విను. మీ బావ ప్రెస్సుకు వెళ్ళాక పక్కింటావిడను బతిమాలి మిషన్ దించించాను. భోజనాల బల్ల మీద పెట్టి, పెడల్‌ను పుస్తకాల మీద ఎత్తుగా పెట్టి, మోచేత్తో నొక్కాను. అది ఒక్కసారిగా గుర్రంలా దూకింది. చేతి తొడుగు వేలి చివర గుడ్డకు కలిపి కుట్టేసింది, నా వేలు వెంట్రుకవాసిలో తప్పింది. పక్కింటావిడ కెవ్వుమంది. మళ్ళీ నొక్కాను. కుర్చీ వెనక్కి దొర్లిపోయింది. బ్రేకు వేసి మళ్ళీ నొక్కాను. ఈసారి మోచేతిని ఆనించీ ఆనించనట్టు పెట్టాను. గుడ్డ కదిలింది. పనికిమాలిన ముక్క మీద ఒక వరస పోయింది, తాగినవాడి నడకలా వంకరటింకరగా. అయినా కుట్టు కుట్టే. ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మీ బావ ఆ రోజే తొందరగా వచ్చాడు. గుమ్మంలో నిలబడి మిషన్ వంక చూశాడు.  మెల్లిగా అన్నాడు, “నేను ఆ బొంతలను చూడలేను. ఆ రోజు నీమీద పడి ఉన్నది గుర్తొస్తుంది.”

“పడేసింది మెట్టు. బొంత నన్నేం చేసింది?” అన్నాను.

“మళ్ళీ ఏమైనా అయితే?”

“అయితే అవుతుంది. మీరు నన్ను పదిలంగా దాచిపెడుతున్నారు. దాచిన వస్తువును ఎవరూ వాడరండీ.”

ఆయన చేతి సంచి గుమ్మంలోనే వదిలేశాడు. లోపలికి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి వచ్చి నా ఒళ్ళో ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఈ వరసలో ఇన్ని తప్పులున్నాయేమిటన్నాడు. అచ్చుతప్పులు దిద్దే మనిషి, ఊరుకోలేడు. పడ్డాక ఆయన నాలో తప్పు ఎంచడం అదే మొదలు.

కాబట్టి ఆదివారం రా. నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు. బల్ల బిగించడానికి రా. కత్తి సంగతి నువ్వన్నది నిజమే, దానికి ఉపాయం ఆలోచించు. నాకు కావలసింది జాలి కాదు, వడ్రంగి.

నీ చెల్లెలు


కొట్టు

సూదిపిల్లకు,

క్షేమంగా చేరాను. మీ వదిన గుమ్మంలోనే పట్టుకుని నువ్వేం కట్టుకున్నావు, చిక్కావా, నవ్వావా అని ఒక్కొక్కటే అడిగింది. నవ్విందని చెప్పాను, అందులోనూ నన్ను చూసి నవ్విందని.

నీ కుర్చీలో నేను కూర్చుని బల్ల కిందికి దూరబోతే మిషన్ గుంట అడుగు మోకాళ్ళకు కొట్టుకున్నప్పుడు నీకా నవ్వు వచ్చింది. ఇంటి దగ్గర ఎంత ఆలోచించినా అది నాకు తట్టలేదు. గుంట కింద చెక్క తీసి పల్చటి రేకు వేయడం బావ సలహా, ఆ మాట నువ్వు వినలేదేమో. ఆ సందుతో బల్లను కిందికి దించగలిగాం, నీ భుజాలు బతికాయి. నేలమీద చక్రాల వెనక వేసిన పట్టీ వదులవుతుంటే బావకు చెప్పు, మర బిగించడం చూపించాను. గుడ్డ కోసే చాప కింది పలకకు ఒడివైపు గట్టు పెట్టాను కదా, కత్తి దానికి తగిలి ఆగాలి. ఆగనిచోటు కనపడితే ఆ రోజే రాయి. అడ్డుకర్రను వెనక కాళ్ళకు మార్చాను, ఊగదు.

ఇప్పుడు నీకు తెలియని ఒక మాట. బావ నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చాడు గదా. దారంతా నా సంచి తనే మోశాడు. బస్సు వచ్చే ముందు అడిగాడు, “మిషన్ చప్పుడు ఆగిపోయినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. లేచి చూడాలా, వద్దా?”

నీ జోకు ఒకటి అరువు తెచ్చుకుని చెబుదామనుకున్నాను గానీ ఆయన మొహం చూస్తే నోరు రాలేదు. “ఆగితే బాబిన్‌లో దారం అయిపోయిందనుకో బావా. పిలిస్తే వెళ్ళు, పిలవకపోతే నీ పని చూసుకో,” అన్నాను. చిన్నపిల్లాడిలా తలాడించాడు. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడ్డాడు.

ఆయనకు భయం పోలేదు. నాకూ పోలేదు. ఉండనీ, నీ పని నువ్వు చేసుకో.

అన్నయ్య


కుట్టుగది, ఒకప్పటి ముందు గది

అన్నయ్యకు,

ఉత్తరం రాయడం ఆలస్యమైంది. మొన్నటిదాకా చేతులు ఊరుకోవడం లేదని ఏడ్చాను, ఇప్పుడు ఊరుకోమన్నా కుదరడం లేదు.

బల్ల బండరాయిలా నిలబడింది. మోచెయ్యి పెడల్‌కు అలవాటు పడింది. నెమ్మదిగా పోవాలంటే ఊపిరి మెల్లిగా వదులుతాను, అదే దాని కిటుకు. మిషన్ కింద గుడ్డను ముందుకు లాగే పళ్ళు దించేసి, గుడ్డను నా ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ ఆకులూ అలలూ కుడుతున్నాను. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు వస్తే ముడతలు రావు. ఇదివరకు కుట్టు నడుస్తుంటే కాళ్ళు పెడల్ మీద తాళం వేసేవి. ఆ తాళం లేకపోవడం మొదట్లో బెంగగా ఉండేది. ఒక్కోసారి ఇప్పటికీ ఉంటుంది. అబద్ధం చెప్పను.

ఒక్క పని మాత్రం నా ఒక్కదానివల్ల కాలేదు. కుట్టే ముందు అడుగు గుడ్డను నేలమీద బిగుతుగా పరిచి, పైన దూది, దానిపైన అతుకుల గుడ్డ వేసి, కదలకుండా పిన్నీసులు పెట్టాలి. మోకాళ్ళ మీద పాకుతూ చేసే పని. పక్కింటావిడకు మోకాళ్ళు వంగవు. మూడు పొరలూ కుర్చీ పక్కన పెట్టుకుని ఏం చెయ్యాలా అని చూస్తున్నాను. మీ బావ పేపరు మడిచి పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, నేలమీద కూర్చున్నాడు. నేను చెబుతుంటే పరిచాడు. దూది పొరను మొదటిసారి ముట్టుకున్నప్పుడు చేతులు ఆగాయి. నేను తొందరపెట్టలేదు. కాసేపటికి దాన్ని అరచేత్తో నెమ్మదిగా సాపు చేశాడు. ఆ తరవాత పిన్నీసులు. నేను జానెడు దూరం అంటే ఆయన స్కేలు అడిగాడు. మధ్యాహ్నమంతా పట్టింది. లేచేసరికి నడుం పట్టేసి, బల్ల పట్టుకుని నిలబడి, ఇంత పని నువ్వొక్కదానివీ ఎలా చేశావని అడిగాడు.

నిన్న మందుల షాపావిడ వచ్చింది. ఆవిడ కూతురు హాస్టలుకు వెళ్తోంది, దానికో బొంత కావాలని ఈ మధ్యే పని ఒప్పజెప్పింది. నిన్నటికి ఇస్తానన్నాను, అంచు పట్టీ మిగిలిపోయింది. రేపు తీసుకోండి అన్నాను. ఆవిడకు ఒళ్ళు మండింది. ఎల్లుండి పొద్దున్నే ప్రయాణమట, పెట్టె సర్దేసిందట, కుదరకపోతే ఒప్పుకోకూడదు గానీ ఈ తిప్పడం ఏమిటట. “పని ఒప్పుకున్నాక మాట మీద నిలబడాలి కదమ్మా,” అంది.

నేను నిలబడాలట! మీ బావ చేతిలో దారపు ఉండ అలాగే ఉండిపోయింది. పక్కింటావిడ కళ్ళు దించుకుంది. మందుల షాపావిడకు మాత్రం తను ఏమందో తెలియనే తెలియదు, ఇంకా సాధిస్తూనే ఉంది. నా చక్రాల కుర్చీ ఆవిడ కంటికి ఆనలేదు. ఆవిడకు కనపడుతున్నది బొంత ఇవ్వని కుట్టుమనిషి.

ఆవిడ వెళ్ళేదాకా నేనూ మీ బావా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తలుపు పడగానే నాకు నవ్వు ఆగలేదు. ఆయన ముందు బెదిరిపోయి, తరవాత తనూ నవ్వాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత. ఎంతకాలమైందో అన్నయ్యా, ఒక మనిషి నామీద కోప్పడి.

ఇవాళ చీకటి పడకముందే వస్తానని చెప్పి వెళ్ళింది. అంచు ఒక వైపు ఇంకా అలాగే ఉంది. ఇక ఆపుతాను. ఆవిడ కోపంలో న్యాయముంది, ఆలస్యం నాదే.

నీ చెల్లెలు